నర్సమ్మ నౌకావిజయము

సప్తసముద్రముల మీద మహాసామ్రాజ్యముల యుద్ధనౌకలు ఒకదానినొకటి వెదకి వెదకి ముంచుకొనుచు, ఆకాశమున లోహవిహంగములు అగ్నివర్షము కురియుచు, భూమండలమంతయు ఎవరు గెలుతురో ఎవరు ఓడుదురో యని ఊపిరి బిగబట్టి చూచుచుండిన ఆ స్వభాను నామ సంవత్సర ఫాల్గుణ మాసమున, నాపరాతి గోడలకును, జొన్నరొట్టెకును, ముక్కుమీది కోపమునకును పేరుపడిన పల్నాటి సీమయందు, కృష్ణవేణి ఇంగ్లీషువారి నేలను నైజామువారి నేలను రెండుగా చీల్చుచు పారు పొందుగల రేవు చెంత, ఆ మహాయుద్ధములన్నిటిని తలదన్ను ఘోరసంగ్రామ మొకటి, ఒక మట్టియింటి వంటగదిలో, ఒక పీట మీద, ఒక పుస్తకము ముందర జరుగుచుండెను.

ఆ సంగ్రామమున ఒకవైపు నిలిచినది కృపమ్మ. రెండవవైపు నిలిచినదియు కృపమ్మయే.

ఎవరా కృపమ్మ యందురా? మిషను వైద్యశాలకు నర్సమ్మ. నలుబదేండ్లకు అటునిటుగా ఉండును. నాభినాళచ్ఛేదన ధురంధర, సూతికాగృహ సార్వభౌమ, అడ్డము తిరిగిన శిశువును అరచేతితోను, అడ్డము తిరిగిన అత్తగారిని కంటిచూపుతోను సరిదిద్దగల దిట్ట. ఒకమారు పురుడు పోయుచుండగా తేలు కుట్టినదనియు, బిడ్డ ఏడ్చినదాక తాను ఏడ్వలేదనియు ఆ చుట్టుపట్ల చెప్పుకొందురు. పిడుగు పడిన చూరు క్రింద, పొంగు వచ్చిన వాగు గట్టున, త్రాగి వచ్చిన మగవాని గొడ్డలి యెదుట చలింపని ఆ ధీరురాలికి ముల్లోకములలో భయమన్నది ఒక్కదాని వలననే: పరీక్ష. ఎవరైన ఎదురుగా కూర్చుండి, కండ్లజోడు సవరించుకొని, ప్రశ్నయడిగి, సమాధానము కొరకు మౌనముగ చూచినచో చాలును. ఆమె అరచేతులు చెమర్చును, నాలుక అంగిటికి అంటుకొనును, కన్నతల్లి పేరైనను జ్ఞప్తికి రాదు.

అట్టి యామెకు పరీక్ష యేల వచ్చెనో వినుడు.

రేవునకు ఎగువన, కొండలు నదిని ఇరువైపుల నొక్కిపట్టిన తావున, కొన్ని పల్లెలు కలవు. బండిబాట కొండలను చుట్టుకొని పోవును. ప్రొద్దున కట్టిన యెడ్లు దీపాల వేళకుగాని చేరవు. నీటిదారిని, గాలి కలిసివచ్చిన, జాముసేపు. అందుచేత వైద్యశాలకు చిన్న తెరచాప పడవ యొకటి ఉండెను. దాని పేరు ‘సమాధానము’. శాంతి యను అర్థమున పూర్వమొక దొరసాని పెట్టిన పేరది. దానిని నడుపు సుందరరావు, యుద్ధనౌకలలో చేరినవారికి బూట్లును మాంసపు కూరయు ఇత్తురని విని, చుక్కాని వదలి బొంబాయి రైలెక్కెను. పడవ ఒడ్డున ఎండకు ఎండెను.

అటుపిమ్మట కొలది దినములకే, పైపల్లెలో రాజమ్మ యను చిన్నదానికి నొప్పులు వచ్చినవని కబురు వచ్చెను. కృపమ్మ బండి కట్టించుకొని పోయెను. దారిలో ఎద్దు కుంటెను. ఆమె చేరునప్పటికి రాజమ్మ లేదు. బిడ్డయు లేదు.

ఇచ్చట ఈ గాథకుడు తంబుర ఒక్క క్షణము క్రింద పెట్టుచున్నాడు.

మరియొకరు పడవ నడుపరాదా యందురేమో. గురజాల కచేరినుండి తాఖీదు వచ్చియుండెను: యుద్ధకాలము గనుకను, ఆవలియొడ్డు పరాయి సర్కారుది గనుకను, ‘ప్రారంభ నౌకాచాలక యోగ్యతాపత్రము’ లేనివారెవ్వరును తెరచాప ఎత్తరాదు. బెజవాడనుండి పడవల ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టును. తప్పినచో పడవను సర్కారువారు స్వాధీనపరచుకొందురు.

ఆ తాఖీదును చర్చించుటకు వైద్యశాల వరండాలో పెద్దల సభ కూడెను. కాంపౌండరు ఐజాక్ తనకు నీళ్ళను చూచిన కండ్లు తిరుగుననెను. కృపమ్మ భర్తయు, మిషను బడికి హెడ్‌మాస్టరును, బెత్తముల భీష్ముడునైన యేసుపాదము తాను పరీక్షలు పెట్టువాడనే గాని వ్రాయువాడను కానని వివరించెను. తక్కినవారు తమ తమ నడుము నొప్పులను ఒక్కొక్కటిగ సభ ముందుంచిరి.

అంతట కృపమ్మ, జలధరగర్జనమును పోలు కంఠస్వరముతో, “ఓ పురుషపుంగవులారా! మీ మీసములు గాలికి ఊగుటకే గాని గాలిని లొంగదీయుటకు కావని నేడు తేటతెల్లమాయెను. ఇదే నా ప్రతిజ్ఞ! కృష్ణవేణీ తరంగముల నెక్కి తెరచాప ఎత్తుదును!” అని గర్జింపవలసినది. గాథలయందు అట్లే గర్జింతురు. కాని ఆమె కొంగు బిగించుకొని అన్నమాట యిది:

“మీరెవురూ రాయకపోతే నేనే రాస్తాలే. ఏందంట అంత కష్టం?”

ఆ కష్టమేమో ఇల్లు చేరి పుస్తకము తెరచినప్పుడు తెలిసెను.

చెన్నపట్టణమునుండి వచ్చిన ఆ గ్రంథమును ఇంగ్లీషునుండి తెనిగించిన మహానుభావుడు సముద్రమును చూచెనో లేదో తెలియదు గాని, కృష్ణను మాత్రము చూడలేదు. అందు ఆటుపోటుల పట్టిక కలదు. దీపస్తంభములను దూరమునుండి గుర్తించు విధానము కలదు. తిమింగలము పడవ క్రిందికి వచ్చినప్పుడు ఏయే త్రాళ్ళు వదలవలెనో, ఏయే త్రాళ్ళు బిగింపవలెనో సవివరముగ కలదు. వేసవిలో గేదెలు నడుమ దాక దిగి నిలుచుండు ఏటియందు తిమింగలము తలపడుట యెట్లని కృపమ్మ ఆలోచించెను. ఆలోచించుటతో భయము ఇంకను హెచ్చెను. తిమింగలమును గూర్చి అడిగిన ఏమి చెప్పవలెను?

ఆమె పుస్తకము తెరచినంతనే గృహమందలి సమస్త వస్తువులును ఆమెను ఆర్తనాదముతో పిలువసాగెను. ఇత్తడి బిందె మురికిగ ఉన్నట్లు తోచెను, లేచి తోమెను. పీట మీద మరల కూర్చుండెను. బియ్యములో రాళ్ళున్నవేమో యని శంక పొడమెను, చేట పట్టెను. రాళ్ళు లేవు. ఐనను మరియొకసారి చెరిగెను. అటక మీద సాలెగూళ్ళు, చూరులో ఎలుకబొక్క, రెండేండ్లుగా ఎవరికిని పట్టని గొళ్ళెపు త్రుప్పు, ఇవన్నియు ఆ దినములలోనే తక్షణ చికిత్స నర్థించెను. ఇట్లు ఆ మహాయోధ శత్రుదుర్గమును ముట్టడించుటకు మారుగా దాని చుట్టుప్రక్కల నెల్ల ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టెను. ఇల్లు అద్దమువలె మెరసెను. పుస్తకము మొదటి పుటలోనే యుండెను.

ఈ దురవస్థను చూచి యేసుపాదమునకు జాలి కలిగెను. ఆ జాలియే ఆమెకు రెండవ శత్రువాయెను. ఏలయన అతడు ఆమెకు చదువు చెప్పుటకు పూనుకొనెను. అన్నము ముద్ద నోటికి పోవుచుండగా, నీళ్ళు తోడుచుండగా, జడ అల్లుకొనుచుండగా, పొదలోనుండి పులి దుమికినట్లు ప్రశ్న దుమికించుట అతని పద్ధతి.

“ఏమే, గాలి వచ్చే వైపుకు పేరేంది?”

“గాలి... గాలిమాటు.”

“అది గాలి పోయే వైపు! వచ్చే వైపు గాలిమొగం! బడిలో ఒకటో క్లాసు పిల్లకాయలు నయంగదే!”

“తిననియ్యవయ్యా.”

“ఇన్‌స్పెక్టరు తిననిస్తాడనుకున్నావా? చుక్కాని కుడికి తిప్పితే పడవ యాడికి పోద్ది?”

“నువ్వు యాడుంటే ఆడికి గాక ఇంకోపక్కకి పోద్ది” అని కంచము ముందుకు నెట్టి ఆమె లేచిపోయెను. లేచినదేగాని దొడ్డిలో నిలుచుండి కుడిచేయి ఏదో ఎడమచేయి ఏదో ఒకసారి తరచి చూచుకొనెను. ఏ చేతితో అన్నము తినుచుంటినో అది కుడి యనుకొనెను. చేయి కడుగుకొనుటచే ఆ గుర్తును పోయెను.

ఐనను నీటి మీద సంగతి వేరు. పరీక్షకు సిద్ధపడువారు ఒడ్డు చేరువలో అభ్యాసము చేసికొనవచ్చునని తాఖీదులోనే ఉండుటచే, సాయంకాలములయందు ఆమె ‘సమాధానము’ను నీటికి దింపి, భర్తను బరువుకొరకు ముందర కూర్చుండబెట్టి, చాప ఎత్తెడిది. తొలినాడు పడవ తన చుట్టు తాను తిరిగెను. మలినాడు వంకరగనైనను ముందుకు పోయెను. ఆ మరునాడు, గాలి ఒక్కసారి మళ్ళుటతో చాపకొయ్య గదాదండమువలె విసురుగా తిరిగి, యేసుపాదము శిరస్సున విరాజిల్లు తెల్లని తలపాగాను పెకలించి కృష్ణార్పణము గావించెను. ఆ తలపాగా హంసవలె తేలుచు, కొంతదూరము మర్యాదగా పోయి, మునిగెను.

“చూసుకోవద్దటే!” అని అతడు అరచెను.

“నేను చూశా. నువ్వే వంగలేదు” అని ఆమె నవ్వెను. ఆ నవ్వులోనే తెలియకుండ చుక్కాని సరిగ త్రిప్పెను. పడవ బుద్ధిగా ఒడ్డుకు వచ్చెను. ఎవరును ప్రశ్నింపనంతసేపు ఆమె చేతులకు అన్నియు తెలియును. ప్రశ్న వినబడినంతనే ఆ చేతులు పరాయివారివగును.

పరీక్ష యింక రెండు దినములున్నదనగా కృపమ్మకు తిండి మీద హితవు తప్పెను. ప్రక్కయింటి బషీరున్నీసా ఆ సంగతి గోడమీదుగా కనిపెట్టి, శొంఠి కషాయము కాచి తెచ్చెను. ఈమె వయసు మళ్ళిన వితంతువు. కృపమ్మకు పిలుపు వరుసకు పిన్నమ్మ, మాటకు కత్తి.

“తాగు. కడుపులో ఉండే బయ్యం దీనికి దిగుద్ది.”

కృపమ్మ గ్రుక్కెడు త్రాగి, గిన్నె క్రింద పెట్టెను. పిదప మెల్లగా అనెను: “పిన్నమ్మా, నాకు ఇన్‌స్పెక్టరంటే బయ్యం కాదు. పుస్తకం తెరిస్తే అచ్చరాలు కనపడవు. రాజమ్మ ఇల్లే కనపడుద్ది. ఆళ్ళమ్మ గడపలో కూచోనుంది చూడు, అదే. నేను పరిచ్చ తప్పితే పడవ తీసుకుపోతారు. అప్పుడు ఇంకో గడప, ఇంకో అమ్మ. ఇట్టా అనుకుంటా కూచుంటే ఒక్క ముక్క ఎక్కట్లేదు.”

బషీరున్నీసా ఓదార్పు తెలిసిన మనిషి కాదు. ఆమె గిన్నె మరల చేతికిచ్చెను.

“రాజమ్మ పొయ్యింది ఎద్దు కుంటడాన. నువ్వు సదవకపోడాన కాదు. ఆ పిల్లని తెచ్చి ఈ పుస్తకంలో ఎందుకు కూచోబెడతావ్? చానా బరువైపోద్ది. పడవైనా మునిగిద్ది అంత బరువుకి. ఊఁ, కానీ, చల్లారిపోతంది.”

కృపమ్మ త్రాగెను. భయము పోలేదు. కాని ఆనాడు మొట్టమొదటిసారిగా రెండవ పుట త్రిప్పెను. త్రిప్పి, గాలికెదురు పోవలసివచ్చినప్పుడు నేరుగా పోక ఇటు కొంత అటు కొంత వాలుగా పోవలెనన్న అధ్యాయము దాక వచ్చెను. తిమింగలమును ఆమె చదువక విడిచెను.

పరీక్షాదినము ఉదయించెను. ఇనబింబము నెత్తురుముద్దవలె తూర్పున లేచినదని వ్రాయవలెనని యున్నది. నిజమునకు మబ్బు పట్టియుండెను. కృపమ్మ ఉతికిన తెల్లచీర కట్టి, ప్రార్థన చేసికొని గడప దాటెను. అప్పుడు యేసుపాదము, క్రొత్త తలపాగా ధరించినవాడై, వాకిట నిలిచి, కుడిచేయి మింటికెత్తి యిట్లు ఉద్ఘోషించెను:

“వీరవనితా! పల్నాటి నేల కత్తి పట్టిన చేతులను ఎరుగును, కర్ర పట్టిన చేతులను ఎరుగును. చుక్కాని పట్టిన చేతిని నేడు ఎరుగబోవుచున్నది! నీ వెనుక నీ భర్త కలడు, నీ భర్త వెనుక బడి కలదు, బడి వెనుక...”

“బడి వెనకాల పెంటకుప్ప ఉంది. పద, పొద్దెక్కుద్ది” అని ఆమె నడచెను. కాని ఆమె కాళ్ళు నడచుచుండెనే గాని ఆమె నడచుచున్నట్లు లేదు.

రేవునందు జనము కూడియుండిరి. కుర్చీలో ఆసీనుడై యుండినవాడు పడవల ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు. బెజవాడ కాలువలలో పెరిగినవాడు. నిలువ నీరు తప్ప పారు నీటిని నమ్మనివాడు. మాట మాత్రము మహానదమువలె పారించువాడు.

“అభ్యర్థినీ!” అని అతడు గొంతు సవరించుకొనెను. “నౌకాచాలనము సామాన్య విద్య కాదు. వాయువును, జలమును, దారువును ఏకకాలమున వశపరచుకొను మహావిద్య. ఇందు ఒక్క త్రుటి అజాగ్రత్తయు ప్రాణాంతకము. భయపడకుము. నీ పేరు చెప్పుము.”

భయపడకుమన్న మాటతో మిగిలిన కొద్ది ధైర్యము కూడ ఆమెను విడిచిపోయెను. పేరు రాలేదు. వెనుకనుండి యేసుపాదము “కృపమ్మ! కృపమ్మ!” అని గుసగుసలాడెను.

“అందింపరాదు!” అని ఇన్‌స్పెక్టరు గర్జించి, “పోనిమ్ము. ఇప్పుడు గాలి ఏ దిక్కునుండి వీచుచున్నది?” అని యడిగెను.

గాలిమొగము, గాలిమాటు, కుడి, ఎడమ, తూర్పు, దీపస్తంభము, తిమింగలము అన్నియు ఆమె తలలో ఒకదానిమీద నొకటి పడి తొక్కిసలాడినవి. సరిగ ఆ క్షణమున ఊరివైపునుండి గాలి విసురుగా కొట్టెను. ఆ దినములలో కల్లములనిండ మిరపకాయలు ఆరబోసియుండిరి. ఆ ఘాటు, అదృశ్యమైన అశ్వదళమువలె రేవుమీదికి దూకి, ఇన్‌స్పెక్టరును, హెడ్‌మాస్టరును, కూడిన జనమును, కట్టిన గేదెలను భేదము లేక తుమ్మించెను. కృపమ్మ అందరికంటె గట్టిగా తుమ్మెను.

“ఆ కల్లాల కాణ్ణించయ్యా!” అని ముక్కు తుడుచుకొనుచు అనెను.

ఇన్‌స్పెక్టరు కన్నీళ్ళ నడుమ తల ఊపెను. అది దక్షిణ దిక్కే. తరువాతి ప్రశ్నలలో కొన్నిటికి ఆమె చెప్పెను, కొన్నిటికి చెప్పలేదు, ఒకదానికి చెప్పినది మరియొకదానికి సరిపోయెను. నోటిపరీక్షయను మొదటి కోట, గోడలు కూలకయే, ఏదో విధముగ దాటబడెను.

ఇక జలపరీక్ష. నదీమధ్యమున నల్లని బండ యొకటి కలదు. దానిని చుట్టి రావలెను. ఎచ్చటను నేల తాకరాదు. ధనుంజయరావు తొడుగు జోళ్ళు విప్పి, పడవ నడుమ కూర్చుండి, రెండు చేతులతో రెండు అంచులను పట్టుకొనెను. కృపమ్మ చాప ఎత్తెను. ‘సమాధానము’ గాలిని నిండ పీల్చుకొని కదలెను. ఒడ్డున జనము కేకలు వేసిరి. బండ సమీపించెను, వెనుకబడెను, మలుపు తిరుగవలసిన సమయము వచ్చెను.

“అభ్యర్థినీ, ఇప్పుడు చుక్కాని ఏ వైపునకు?” అని అతడు ప్రశ్నించెను.

ఆ ప్రశ్న లేకున్నచో చేతులు తామే త్రిప్పియుండును. ప్రశ్న వచ్చెను గనుక ఆమె ఆలోచించెను. ఆలోచించెను గనుక రెండవ వైపునకు త్రిప్పెను. చాప ఫెళ్ళున విచ్చుకొనెను; గాలి వెన్ను తట్టెను; పడవ, పగ్గము తెంచుకొన్న కోడెవలె, ఉత్తరముగ పరుగెత్తి, పరుగెత్తి, ‘గర్రు’మను శబ్దముతో ఆవలి యిసుకతిన్నె ఎక్కి నిలిచెను.

“ఇది... ఇది ఏ ఒడ్డమ్మా?” అని ఇన్‌స్పెక్టరు అడిగెను. అతని గ్రాంథికము అంతయు నదిలోనే పడిపోయెను.

“నైజామయ్యా.”

“నైజామా! నాకు పర్మిషన్ లేదమ్మా! గురజాల కచేరికి తెలిస్తే ఏమన్నా ఉందా!”

ఆవలి సర్కారు సుంకపు జవాను ఒకడు లాఠీకర్ర పట్టుకొని ఇసుకలో దిగబడుచు పరుగెత్తి వచ్చెను.

“ఎవరు మీరు? ఏం మాల్ తెచ్చిన్రు? ఉప్పా, పొగాకా?”

“మాలేం లేదు బాబూ. పరీక్ష... పరీక్ష!” అని ధనుంజయరావు తడబడెను.

“పరీచ్చనా? గదెన్నడు ఇనలే. మూటల ఉన్నదా, గంపల ఉన్నదా? దించున్రి, చూస్తా.”

ఓ శ్రోతలారా, ఇప్పుడు చూడుడు! ఇంతవరకు కంపించిన ఆ కృపమ్మ యేదీ? చెమర్చిన ఆ అరచేతులేవీ? దిగబడిన పడవ, గాభరాపడిన మగవాడు, అరచుచున్న మరియొక మగవాడు: ఆమె జీవితమంతయు గడచినది ఇట్టి గదులలోనే గదా! అడుగువారు పోయి, చేయవలసిన పని వచ్చెను. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మోకాలిలోతు నీటిలోనికి దిగెను.

“ఒరేయ్ అబ్బాయ్, మాలూ లేదు మన్నూ లేదు. పడవ దిగబడింది. అట్టా నిలబడి చూడకపోతే ఈ పక్కకొచ్చి ఒక తోపు తొయ్యి.”

“నేను సర్కార్ జవాన్ను!”

“సర్కారు జవానయితే చేతులుండవా ఏంది? ఆ కర్ర ఆయనకియ్యి. రా, రా. ఊఁ... ఇప్పుడు!”

ప్రసవవేదనలో ఉన్న స్త్రీలు సైతము ధిక్కరింపజాలని ఆ ‘ఊఁ... ఇప్పుడు’ అను ఆజ్ఞకు జవాను తెలియకయే లొంగెను. లాఠీని ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి భుజము ఆనించెను. పడవ ఇసుకనుండి, పేగు తెగిన బిడ్డవలె, జారి నీటబడెను. కృపమ్మ ఎగిరి ఎక్కెను.

“నా కట్టె! ఓ సారూ, నా కట్టె ఇయ్యున్రి!”

ధనుంజయరావు తన చేతిలో పరాయి సర్కారువారి ఆయుధము ఉన్నట్లు అప్పుడు గుర్తించి, పాము తగిలినవానివలె దానిని విసరెను. అది నీటబడి దిగువకు తేలిపోయెను. జవాను నడుములోతు నీటిలో దానివెంట పరుగిడెను.

ఇక గాలికెదురు రావలెను. కృపమ్మ ఎవరినడుగును? ఎవరు ఆమెనడుగుదురు? ఇన్‌స్పెక్టరు కండ్లు మూసికొనియుండెను. ఆమె ఇటు కొంత పోయి చాప మరల్చెను. అటు కొంత పోయి మరల మరల్చెను. మొండి అత్తగారి యెదుట నేరుగా కాదనక, ఒకమారు వంట సంగతి, ఒకమారు వాన సంగతి ఎత్తుచు, తుదకు కోడలిని పుట్టింటికి పంపుదునను మాట ఆమెచేతనే పలికించు ఉపాయమిదే గదా యని ఆమెకు తోచెను. అట్లు తోచుటతో నవ్వు వచ్చెను. ‘సమాధానము’ వంకరటింకరగ, కాని తప్పకుండ, పొందుగల రేవు చేరెను.

భూమి కాలికి తగిలినంతనే ధనుంజయరావునకు గ్రాంథికము తిరిగి వచ్చెను. కాగితము తీసి, “నౌక ఎచ్చటను నేల తాకలేదు. ఉత్తీర్ణురాలు” అని చదువుచు వ్రాయబోయెను.

“తాకింది గదయ్యా” అనెను కృపమ్మ.

అతడు చుట్టును చూచి గొంతు తగ్గించెను. “అమ్మా, తాకిందని రాస్తే ఏ నేల తాకిందో రాయాలి. అది రాస్తే నేను పర్మిషన్ లేకుండా ఎట్లా పోయానో రాయాలి. నీకూ మంచిది, నాకూ మంచిది. ఊరుకో.”

యేసుపాదము కనుసైగతో ఊరుకొమ్మనెను. కాంపౌండరు ఐజాక్ చేతులు జోడించి మరీ ఊరుకొమ్మనెను. కృపమ్మ పడవవైపు చూచెను. ఆ కాగితముతో రేపు పైపల్లెకు పోవలసినది వీరెవ్వరును కారు. నడిమధ్యలో మలుపు తిరుగునప్పుడు ఆ కాగితము చుక్కాని పట్టదు.

“అట్టా వద్దయ్యా. ఇంకోసారి పెట్టండి పరిచ్చ. తగలకుండా తిప్పుకొస్తా.”

రేవు నివ్వెరపోయెను. పరీక్షయన్న పేరు విన్ననే వణకు మనిషి, తప్పించుకొను దారి తెరచియుండగా, తానై మరియొక పరీక్ష కోరుచున్నది! కృపమ్మయు తన మాటకు తానే కొంత ఆశ్చర్యపడెను. చేతులు చూచుకొనెను. వణకుచునే యుండెను. వణకుచున్నను త్రాటిని పట్టుకొనియుండెను.

“నేను మాత్రం ఎక్కనమ్మా!” అని ధనుంజయరావు కుర్చీని ఇంకను రెండడుగులు వెనుకకు జరుపుకొనెను.

“మీరు ఆడ్నే కూచోండి. అడగబాకండి. చూస్తా ఉండండి చాలు.”

ఆమె ఒంటరిగ పోయెను. మలుపునొద్ద పెదవులు కదలినవి. ప్రార్థనయో, కుడియెడమలో తెలియదు. చాప ఈసారి మెత్తగ మళ్ళెను. బండ చుట్టుకొని, ఏ ప్రభుత్వముయొక్క యిసుకను తాకక, పడవ తిరిగి వచ్చెను. రేవు మెట్టును మాత్రము కొంచెము గట్టిగ గ్రుద్దుటచే యేసుపాదము మోకాళ్ళ దాక తడిసెను. అది పరీక్షాపరిధిలోనికి రాదని ఇన్‌స్పెక్టరు తీర్పు చెప్పెను.

ఆ సాయంకాలమే యోగ్యతాపత్రము చేతికి వచ్చెను. అందుండినది యిది: శ్రీమతి కృపమ్మ పగటిపూట మాత్రమే, పిల్లగాలిలో మాత్రమే, ఒడ్డు కనబడునంత మేర మాత్రమే, ముగ్గురికి మించని మనుష్యులతో తెరచాప నెత్తుటకు అర్హురాలు. శ్రేణి: అన్నిటికంటె క్రిందిది.

మరునాడు ఎవరికిని నొప్పులు లేవు, ఎవరును కబురంపలేదు. ఐనను ఆమె, సంచి భుజమున తగిలించుకొని, దారి ఎంతసేపు పట్టునో చూచి వత్తునని పైపల్లెకు పోయెను. జాముసేపుకూడ పట్టలేదు. రాజమ్మ తల్లి గడపలోనే కూర్చుండియుండెను. కృపమ్మ ప్రక్కనే కూర్చుండెను. ఆమె ఇచ్చిన మజ్జిగ త్రాగి, “పడవొచ్చిందమ్మా. ఎవురికైనా ఎప్పుడైనా, కబురంపండి” అని చెప్పి, గాలి యుండగనే లేచెను.

కావున, ఓ జనులారా, చాటుడు! భేరి లేకున్న డబ్బా మ్రోగించియైనను చాటుడు! పల్నాటి సీమయందు, కృష్ణానదీమధ్యమున, ఒక నల్లబండకు ఈవల కొంత నీటిని, ఆవల కొంత నీటిని, పగటిపూట, గాలి నెమ్మదిగా నున్నప్పుడు, కృపమ్మ జయించినది! ఈ గాథ విన్నవారికి పరీక్షలు తప్పవు. అరచేతుల చెమట ఆరదు. అడిగినంతనే పేరు జ్ఞప్తికి వచ్చునన్న హామీయు లేదు. తుమ్ము మాత్రము, వచ్చినయెడల, ఆపుకొనవలసిన పని లేదు.